గాదెకు వీధి గుమ్మం ఎందుకు?

ఒకే సర్వరు మీద పది కంప్యూటర్ల పని నడుస్తున్నదంటే వినేవారికి ఇంద్రజాలంలా తోచవచ్చు. అయితే ఇందులో మాయ ఏమీ లేదు. ఒకే లోగిలిలో నలుగురు అన్నదమ్ములు వేరు పొయ్యిలు పెట్టుకొని కాపురాలు సాగించినట్లే, ఒక యంత్రపు శక్తిని పంచుకొని అనేక యంత్రాలు వేటికవిగా పనిచేస్తాయి. దీనినే వర్చువలైజేషన్ అంటున్నారు. 1972లోనే ఐ.బి.ఎం. సంస్థ వి.ఎం.370 పేరిట తన పెద్ద యంత్రాలకు ఈ సౌకర్యం కల్పించింది. 2007లో లినక్స్‌లో కె.వి.ఎం. అంతర్భాగం కావడంతో చిన్న విద్యాసంస్థలకు సైతం ఇది అందుబాటులోకి వచ్చింది.

జగ్గయ్యపేట, నందిగామల వంటి మెట్ట ప్రాంతపు పట్టణాల కళాశాలలకు ఈ పద్ధతి ఎంతో అనుకూలమైనది. అడ్మిషన్ల రిజిస్టరు, మార్కుల పట్టికలు, తెలుగు, ఉర్దూ లిపులు రెండింటిలోను ఉండవలసిన గ్రంథాలయ జాబితా, విద్యార్థుల ప్రయోగశాల - ఇవన్నీ ఒక్క సర్వరుతో నిర్వహించుకోవచ్చు. కాని పది బండ్ల బరువు ఒకే ఎద్దు లాగుతున్నప్పుడు కాడి సరిగా కట్టుకోవడం మరింత అవసరం. ఆ కాడి కట్టే విషయంలోనే మన కళాశాలలు అజాగ్రత్త వహించరాదని మా అభిప్రాయం.

ఇటువంటి సర్వరుకు ప్రధానంగా రెండు రాకపోకలుంటాయి. ఒకటి నిర్వహణ: బాధ్యుడు తన బల్ల దగ్గర నుండి సర్వరును అదుపు చేసే దారి. రెండవది నిల్వ: సర్వరుకు, సమాచారాన్ని దాచే స్టోరేజికి నడుమ సాగే దారి. గేట్‌వే అంటే, తన నెట్‌వర్కులో లేని చిరునామాకు చేరవలసిన సమాచారాన్ని బయటకు పంపే ద్వారం. నిర్వహణకు ఆ ద్వారం కావాలి. స్టోరేజికి మాత్రం సాధారణంగా అక్కరలేదు.

మనకు తెలిసిన ఉదాహరణ చూద్దాం. హైదరాబాదు - విజయవాడ రహదారి మీద చిల్లకల్లు టోల్ గేటు ఉన్నది. దూరప్రయాణం చేసే వాహనానికి ఆ దారి తప్పదు. కాని పొలంలో కోసిన పంటను అదే ఊరిలోని గాదెకు చేర్చే రైతు, బండిని టోల్ గేటు చుట్టూ తిప్పుకొని వస్తాడా? స్టోరేజి దారికి గేట్‌వే పెట్టి రౌటరు గుండా నడిపించడం అటువంటి పనే. రౌటరు రద్దీలో చిక్కుకుంటే డిస్కు జవాబు ఆలస్యమవుతుంది. రౌటరు ఆగిపోతే సర్వరు మీది యంత్రాలన్నీ ఒక్కసారిగా స్తంభిస్తాయి. వెబ్ పేజీ తెరుచుకోకపోతే మనిషి కాసేపు ఓర్చుకుంటాడు. డిస్కు పలకకపోతే యంత్రం అంతగా ఓర్చుకోలేదు. లినక్స్ వంటి వ్యవస్థ రాయడం మానివేసి చదవడానికే పరిమితం కావచ్చు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు చివరి రోజున ఇది జరిగితే నష్టపోయేది విద్యార్థియే.

మరి చేయవలసిన పని ఏది? నిర్వహణ దారికి 192.168.10.5 అనే చిరునామా ఇచ్చామనుకుందాం. దాని గేట్‌వే 192.168.10.1. స్టోరేజి దారికి 192.168.20.5, స్టోరేజి పెట్టెకు 192.168.20.50 ఇవ్వాలి. రెండు దారులకూ మాస్కు 255.255.255.0. స్టోరేజి దారిలో గేట్‌వే గడిని ఖాళీగా విడిచిపెట్టాలి. గడి ఉన్నది కదా అని నింపితే సర్వరుకు రెండు ప్రధాన ద్వారాలు ఏర్పడి, నిర్వహణకు వచ్చిన ప్రశ్నకు జవాబు స్టోరేజి వైపు పోయి దారి తప్పవచ్చు. స్టోరేజి వేరొక నెట్‌వర్కులో ఉండక తప్పని చోట, ఆ నెట్‌వర్కుకు మాత్రమే ప్రత్యేక మార్గం రాసుకోవాలి గాని రెండవ ప్రధాన ద్వారం తెరువరాదు.

రెండు స్విచ్‌లు కొనడం వృథా వ్యయమని కొందరు పెద్దలు భావించవచ్చు. ఇంతవరకు ఒకే తీగ మీద నడవలేదా అనవచ్చు. వారి పొదుపును మేము గౌరవిస్తాం. ధనం చాలనప్పుడు ఒకే స్విచ్‌ను వీల్యాన్ పద్ధతిలో రెండుగా విభజించుకోవచ్చు. అయితే స్టోరేజి రాకపోకలు చాలాచోట్ల రహస్య లిపిలో సాగవు. ప్రయోగశాలలో కూర్చున్న ఎవరికైనా ఆ దారి అందుబాటులో ఉంటే మార్కుల పట్టికకు రక్షణ ఏది? గాదెకు వీధి గుమ్మం పెట్టి, దొంగను నిందించి ప్రయోజనం లేదు.

కనుక కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. సర్వరు ధరతో పాటు దాని దారుల ఖర్చును కూడా అంచనాలో చేర్చండి. ఏ చిరునామా దేనిదో, గేట్‌వే ఎక్కడ ఉన్నదో ఒక కాగితం మీద రాయించి కార్యాలయంలో భద్రపరచండి; అమర్చిన వ్యక్తి ఊరు మారినా జ్ఞానం ఊరు దాటిపోకూడదు. ఇక విద్యార్థి మిత్రులారా, ఈ అమరికను పరీక్షల ముందు కాదు, సెలవులలో అధ్యాపకుల సమక్షంలో స్వయంగా చేసి చూడండి. రౌటరు తీగ ఊడదీసినా స్టోరేజి పలుకుతున్నదా అని పరీక్షించండి. పలికితే మీ గాదె భద్రం. పలకకపోతే లోపం ఎక్కడున్నదో ఆనాడే తెలుస్తుంది.