ప్రాసిక్యూటర్ కుర్చీలో మన బిడ్డలు

అమీన్‌పూర్, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లోని మన కుటుంబాలు పిల్లలను ఇంజినీర్లుగా చూడాలని తపిస్తాయి. న్యాయవిద్య చదివించినా నిందితుల తరఫు వకీలునే ఊహిస్తాయి. ఈ దృష్టి మారాలి.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోలీసుల వకీలు కాదు. నిజాన్ని న్యాయస్థానం ముందుంచవలసిన అధికారి. ముంబైలో 2008 మాలేగావ్ పేలుడు కేసు వాదించిన రోహిణి సాలియన్, నిందితుల పట్ల మెతకగా ఉండమని ఎన్‌ఐఏ అధికారి తనకు చెప్పారని 2015లో బహిరంగంగా వెల్లడించారు. ఎన్‌ఐఏ దానిని ఖండించింది. 2025 జూలై 31న ఏడుగురు నిందితులూ నిర్దోషులుగా విడుదలయ్యారు.

మన హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. తరువాత అరెస్టయిన ముస్లిం యువకులను కోర్టులు నిర్దోషులుగా తేల్చాయి. 2018 ఏప్రిల్ 16న విచారణ ఎదుర్కొన్న అయిదుగురు కూడా విడుదలయ్యారు. మరి చంపినవారెవరు? మృతుల కుటుంబాలకు నేటికీ జవాబు లేదు.

సాక్ష్యాన్ని నిలబెట్టే ఆ కుర్చీకి దారి మూసిలేదు. లాసెట్ రాసి న్యాయపట్టా పొంది, మూడేళ్లు ప్రాక్టీసు చేసినవారు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పరీక్షకు పోటీపడవచ్చు. ఏడేళ్ల అనుభవమున్న న్యాయవాదిని జిల్లా ప్రాసిక్యూటర్‌గా ప్రభుత్వం నియమించవచ్చు. ఇంటర్ ముగించిన మన అమ్మాయిలకు, అబ్బాయిలకు పుస్తకాలు, ఫీజులు సమకూర్చే బాధ్యతను మసీదు కమిటీలు స్వీకరించాలి.

అయితే ముస్లిం పేరు ఒక్కటే న్యాయం చేయదు. ఒత్తిడి వచ్చిన రోజున, ఫిర్యాదుదారు ఏ మతస్థుడైనా, నిజం పక్షాన నిలిచే ధైర్యం కావాలి.