చేయి చాచినవాణ్ణి రైలెక్కించకండి

మన బడ్జ్ బడ్జ్ స్టేషన్ పేరులో కొమగాట మారు అనే ఓడ పేరు ఉంది. 1914 సెప్టెంబరు 29న ఆ ఓడవాళ్లను ఇక్కడ దింపి, తిన్నగా పంజాబు రైలెక్కమన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. కాల్పుల్లో ఇరవైమంది దాకా పోయారు. నీ దారి ఇది, ఈ బండిలో వెళ్లిపో అని మనిషికి చెప్పడమంటే ఏమిటో ఈ ఊరికి తెలుసు. అందుకే బిచ్చమడిగేవాణ్ణి పట్టుకుపోయే చట్టం మీద మా ఉద్యమం ఇక్కడ మొదలవుతోంది.

మేం జూట్ మిల్లుల తెలుగువాళ్లం. మా తాతలు శ్రీకాకుళం, గంజాం నుంచి కలకత్తా వలస వచ్చారు. మిల్లు గేటుకు పని నిలిపివేత నోటీసు పడితే ఏమవుతుందో మా లైన్లలో పిల్లలకీ తెలుసు. ముందు కొట్టులో అప్పు. తర్వాత ఇత్తడి బిందె పోతుంది. గ్రాట్యుటీ రాక, పింఛను చాలక, అరవై దాటిన మనిషి బౌరియా లాంచీ రేవులో కూర్చుంటాడు. మొదటిరోజు చేయి చాచడు. తువ్వాలు పరిచి తల దించుకుంటాడు. నిన్నటిదాకా మనం ‘దాదా’ అని పిలిచిన మనిషే.

ఆయన మీదికి వచ్చే చట్టం 1943 నాటి బెంగాల్ వేగ్రెన్సీ చట్టం. ఆ ఏడు గుర్తుంది కదా, బెంగాల్‌లో జనం తిండిలేక లక్షల్లో చచ్చిన ఏడు! బిచ్చమడిగేవాణ్ణి పోలీసు పట్టుకుపోవచ్చు. మేజిస్ట్రేటు పైపై విచారణతో ‘వేగ్రెంట్’, అంటే దిమ్మరి, అని తేలిస్తే హోమ్‌లో పెడతారు. నేరం రుజువు చెయ్యక్కర్లేదు, విడుదలకి గడువూ లేదు. పని దొరికిందనో, బంధువు పూచీ పడ్డాడనో అధికారి నమ్మాలి. ఆ ప్రాంతంలో పుట్టనివాళ్లను, ఏడాదిగా అక్కడ లేనివాళ్లను ఫలానా దారిన వెళ్లిపొమ్మనే వీలు కూడా అందులో ఉంది. ఓడవాళ్లకు చెప్పిన మాటే ఇది.

మన హైదరాబాదూ తక్కువ తినలేదు. 2017 నవంబరులో ఒక అంతర్జాతీయ సదస్సు ముందు, రెండు నెలలపాటు బిచ్చం నిషేధించి, మనుషుల్ని జైలు ఆవరణలకు తరలించారు. ఆ మరుసటి ఏడే ఢిల్లీ హైకోర్టు అక్కడ బిచ్చాన్ని నేరం చేసిన సెక్షన్లను కొట్టేసింది. బెంగాల్ ఎందుకు ఆగాలి? 2011 జనాభా లెక్కల్లో ఈ రాష్ట్రంలో 81,244 మంది బిచ్చగాళ్లు, దిమ్మరులు తేలారు. దేశంలో ఇదే ఎక్కువ. ఇంతమందిని ఏ హోమ్‌లో పెడతారు?

పిల్లల్ని ఎత్తుకొచ్చి అడుక్కోమనే ముఠాలను వదలమని మేం అనడం లేదు. వాళ్లకు వేరే చట్టాలున్నాయి, గట్టిగా వాడండి. ఆకలితో కూర్చున్నవాడి జోలికి మాత్రం వెళ్లకండి. ఈ చట్టాన్ని శాసనసభ రద్దు చెయ్యాలి. మూతపడిన మిల్లుల బకాయిలు కార్మికులు బతికుండగానే చేతికందాలి. పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి ఆశ్రయం అన్నది కేంద్రం పెట్టిన కొలత. మన ఊళ్లో లక్షమంది లేరన్న సాకు మునిసిపాలిటీ చెప్పకూడదు. ఒక గది, పది మంచాలు, తాళం వేసుకునే పెట్టెలు, కాగితాలు రాసిపెట్టే మనిషి. వీటితో మొదలెట్టమంటున్నాం.

ప్రతి ఆదివారం సాయంత్రం రేవు మెట్ల దగ్గర కూర్చుంటాం. రేషన్ కార్డు లేనివాళ్ల పేర్లు, రావలసిన బకాయిలు రాసుకుంటాం. బెంగాలీ రాయడం వచ్చినవాళ్లు కావాలి. పెన్ను పట్టుకుని రండి.