ఏలూరు కాలువలో పడవ మాటేమైంది?

భారత అంతర్గత జలమార్గాల సంస్థ ఛైర్మన్ గారికి,

అయ్యా,

మా బాపులపాడు వైపు పొలాలు తడిపే ఏలూరు కాలువ 2008లో కేంద్రం ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. కాగితం మీద కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా పడవ వెళ్లొచ్చు. కాలువలో మాత్రం గుర్రపుడెక్క వెళ్తోంది.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తిచేసినవాళ్లు కాలువల్ని సాగుకే కాదు, రవాణాకీ తవ్వించారు. ఏలూరులో కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసేది అందుకే. నీటిమట్టం తేడా ఉన్నచోటల్లా లాకులు కట్టారు. ఎగువకు పోయే పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, పై నీళ్లు మెల్లగా వదిలేవారు. పడవ తానే పైకి లేచేది. ఇంజనూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ఇంత తెలివైన పనిని తుప్పుకి అప్పగించాం.

మా నూజివీడు రసాలను పడవలకెక్కించమని అడగను. కాయ దిగేది వేసవిలో, మరమ్మతులకు కాలువ కట్టేసేదీ అప్పుడే. లారీలే దిక్కు. కానీ నీళ్లుండే నెలల్లో బెజవాడ నుంచి ఏలూరుకి ఒక్క ప్రయాణికుల పడవైనా నడపలేమా?

ముందుగా, జలవనరుల శాఖతో కలిసి ఏ లాకు బాగుచేస్తే పనికొస్తుందో తేల్చి, ఆ జాబితా మా పంచాయతీల్లో అంటించండి. కొత్తగా కట్టే వంతెనల కింద పడవ దూరేంత ఎత్తు వదిలించండి. ఈ రెండోదానికి నిధులు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఇట్లు,
బాపులపాడు ఆయకట్టు రైతు