ఎఱ్ఱనాచు అడంగలు

తిరువూరు మామిడితోటలలోను పత్తిచేలలోను సముద్రపు నాచు రసమును పిచికారి చేయు రైతులు నేడు కలరు. ఇఫ్కో సంస్థవారి ‘సాగరిక’ యట్టి రసమే. సముద్రము కానరాని మెట్టసీమకు ఆ నాచు ఎచ్చటినుండి వచ్చినది, దాని వంశమేమి యని విచారించువారు మాత్రము అరుదు.

ఇట్టి రసములకై మన దేశమున ముఖ్యముగా పెంచు కప్పాఫైకస్ అను ఎఱ్ఱనాచు మన తీరమున పుట్టినది కాదు. ఫిలిప్పీన్సు దీవుల మొక్కను భావనగరులోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయన పరిశోధనాలయమువారు 1984లో జపానునుండి తెప్పించిరి. తరువాత తమిళనాడునందలి మండపము తీరమున తెప్పలకు కట్టి పెంచిరి. దీనికి విత్తనముతో పని లేదు. ముక్క విఱిచి కట్టిన చాలును. కావున పంట యంతయు ఆ కొలది మొక్కల ముక్కలే. అంటుమామిడి తోటలు గల మన పాఠకులకు దీని యర్థము విప్పి చెప్ప నక్కఱలేదు. ఒక చెట్టు తాళలేని తెగులునకు తోడిచెట్లును తాళలేవు. 2013 తరువాత ఆ తీరమున నాచు మూకుమ్మడిగా చచ్చి దిగుబడి క్రుంగిపోయెను. సముద్రజలము వేడెక్కుటయు అందులకు కారణమని చెప్పిరి. వేడికి తాళు వంగడ మేది? మొక్కను కంటితో చూచి చెప్పుట దుస్సాధ్యము.

జీవకణమునందు వంశలక్షణములను తెలుపు నాలుగక్షరముల లిపి కలదు. వేడినీటి బుగ్గలలో పెరుగు నొక సూక్ష్మపు ఎఱ్ఱనాచు లిపిని, సుమారు 1,65,00,000 అక్షరములను, జపాను శాస్త్రజ్ఞులు 2004లో చదివి ప్రకటించిరి. 2013లో ఐరోపావారు ఐరిష్ నాచు లిపిని, జపానువారు తాము భుజించు నోరి లిపిని వెలువరించిరి. ఇట్టి లిపులను అమెరికా, ఐరోపా, జపానుల భాండాగారములు భద్రపఱచి, ఒకరి పద్దు లొకరికి పంపుకొనుచు, అంతర్జాలమున ఎల్లరకు నుచితముగా తెఱచియుంచినవి. తిరువూరు కళాశాల విద్యార్థియు కాసు చెల్లింపక వానిని చూడవచ్చును. ఇంతటి యుదారత లోకవ్యవహారమున తఱచు కానరాదు.

ఐనను అడంగలు తెఱచియుండుట వేఱు, అందు మన చేను ఎక్కియుండుట వేఱు. ఐరిష్ నాచు లిపి మండపము నాచు తెగులునకు మందు చెప్పజాలదు. ఫరీదాబాదులో భారత జీవసమాచార కేంద్రము 2022 నవంబరులో ప్రారంభమైనది. భద్రపఱచు చోటు లేదనుటకు వీలులేదు. 2020 నాటి మత్స్యసంపద పథకమున నాచుసాగునకు 640 కోట్ల రూపాయలు ఉద్దేశించిరి. తెప్పలు, త్రాళ్లు కొనుటతో ధర్మము తీరినదనుకొనుట పొరపాటు. పెంచుచున్న ప్రతి వంగడపు లిపిని చదివించి, తీరము, లోతు, నీటివేడిమి, దిగుబడులతో గూడ ఫరీదాబాదున దాఖలు చేయింపవలెను. విశాఖపట్టణపు బండలపై స్వయముగా పెరుగు గ్రాసిలేరియా వంటి దేశవాళీ ఎఱ్ఱనాచులకును అందు పద్దు ఉండవలెను. ఆంధ్రతీరమున నాచుసాగును విస్తరింపగోరు మత్స్యశాఖవారు, పరాయి ముక్కలను దింపుటకు ముందే, తమ అంచనాలలో ఈ ఖర్చును చేర్పవలసియున్నది.