వినడమేనా, మన మాట వెళ్ళక్కర్లేదా?



ఆదివారం పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు పాఠం చెబుతుంటే నెల రోజులుగా ఒకటే ఫిర్యాదు: "మాస్టారూ, మీ గొంతు తెగిపోతోంది." నాకు మాత్రం వాళ్ళ మాటలు చక్కగా వినిపించేవి.

కంప్యూటర్లో స్పీడ్ టెస్ట్ చేశాను. డౌన్‌లోడ్ 90 ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఒకటి కూడా లేదు! ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే "మా వైపు అంతా బాగుంది సార్" అన్నారు. నేను నమ్మలేదు, గట్టిగా మాట్లాడాను కూడా. తీరా చూస్తే తప్పు మా ఇంట్లోనే. రూటర్ నుంచి వచ్చే కేబుల్ తలుపు కింద పడి నలిగింది.

100 ఎంబీపీఎస్ లైన్లో పంపడానికి ఒక జత తీగలు, అందుకోవడానికి ఇంకో జత. ఒకటి దెబ్బతిన్నా రెండోది పనిచేస్తుంది. అందుకే సినిమా ఆగదు, మన గొంతు ఆగుతుంది. కొత్త కేబుల్ వేయగానే సరిపోయింది.

కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి. ఫొటోల బ్యాకప్ నడుస్తుంటే ఆపండి. అప్పటికీ కుదరకపోతే కంపెనీని అడగండి.

అయితే కంపెనీలకూ ఒక మాట. ప్రకటనలో డౌన్‌లోడ్ అంకె పెద్దక్షరాల్లో వేసి అప్‌లోడ్ సంగతి దాటవేస్తే ఎలా? కనెక్షన్ తీసుకునేటప్పుడే మనం ఆ అంకె అడగాలి.

బడిలో తెలుగు దొరకని పిల్లలకు ఈ గంట పాఠమే ఆధారం. అది తెగిపోకూడదు.