చూపు పోయాక కాదు, పోకముందే

కంటి ఆరోగ్యాన్ని గురించి ప్రభుత్వాలు మాట్లాడినప్పుడల్లా శుక్లాల ఆపరేషన్లు, పంచిన కళ్లద్దాలు లెక్కకు వస్తాయి. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటివెలుగు కార్యక్రమం ఊరూరా పరీక్షలు జరిపి, అవసరమైనవారికి అద్దాలిచ్చింది. ఆ మేలును కాదనలేము. అయితే వయసుతో మసకబారే చూపు ఒకటి, పనిలో దెబ్బ తగిలి పోయే చూపు మరొకటి. ఈ రెండో దానిని గురించి ఎవరూ మాట్లాడరు. అది ఎక్కువగా మన మొహల్లాలలో పోతున్న చూపు కనుకనే ఈ మాట ఎత్తుతున్నాము.

ముస్లింలలో నెలజీతపు ఉద్యోగాలు తక్కువనీ, స్వయం ఉపాధి, ఇంటి దగ్గర చేసుకునే పనులు ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ తేల్చి చెప్పింది. వెల్డింగ్ దుకాణం, మోటారు గ్యారేజీ, వడ్రంగం, రాతి చెక్కుడు, లక్కగాజుల కొలిమి, మగ్గం వర్క్ మన బతుకుదెరువులు. వీటిలో నిప్పురవ్వ, ఇనుప రజను, రాతి పెచ్చు, సూదిమొన కంటికి జానెడు దూరంలోనే ఉంటాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ కార్మికుల కళ్ల రక్షణకోసమే రాసినది. కానీ విద్యుత్తు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది ఉంటేనే దానిని ఫ్యాక్టరీ అన్నారు. 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యలను ఇరవైకి, నలభైకి పెంచింది. ఒక ఉస్తాదు, ఇద్దరు కుర్రాళ్లు ఉండే రేకుల షెడ్డు ఆనాడూ ఈ రక్షణకు వెలుపలే ఉంది, ఈనాడూ వెలుపలే ఉంది. ఈఎస్ఐ సదుపాయమూ సాధారణంగా పదిమంది ఉన్నచోటికే వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టరాదని 2016 సవరణ చెబుతున్నా, గ్యారేజీలో ‘ఛోటూ’ అని పిలిపించుకునే పిల్లవాడి దాకా ఆ మాట చేరలేదు.

కన్ను పోయినప్పుడు మనవాళ్లు ‘కిస్మత్’ అని సరిపెట్టుకుంటారు. విధిని నమ్మడం ఈమాన్‌లో భాగమే. అయితే ప్రాణాన్నీ దేహాన్నీ కాపాడటం షరీఅత్ లక్ష్యాలలో ఒకటని మన ధర్మవేత్తలే చెప్పారు. రెండు మూడు వందల రూపాయలకు దొరికే రక్షణ కళ్లద్దాలు కొనకుండా విధిని నిందించడం న్యాయం కాదు.

కొన్ని విషయాలు ప్రతి దుకాణంలోనూ, ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. వెల్డింగ్ వెలుగును చలువ కళ్లద్దాలు ఆపలేవు, అందుకు తగిన ఫిల్టరు అద్దమున్న షీల్డు కావాలి. సుత్తిదెబ్బకు ఎగిరిన ఇనుపముక్క ఒక్కోసారి పెద్దగా నొప్పి లేకుండానే కనుగుడ్డు లోపలికి దిగిపోతుంది. అందుచేత నొప్పి తగ్గిందని ఊరుకోరాదు. కంట్లో పడినదాన్ని అగ్గిపుల్లతోనో రుమాలు కొసతోనో తీయరాదు, కన్ను నలపరాదు, గాయపడిన కంటికి సుర్మా పెట్టరాదు. తాంబూలపు సున్నం ప్యాకెట్ పిల్లల చేతికి అందనీయరాదు. దాన్ని నొక్కితే చిమ్మే సున్నం కంటిపాపను కాల్చివేస్తుంది. సున్నం గానీ యాసిడ్ గానీ పడితే ముందు చేయవలసింది ఆటో పిలవడం కాదు. రెప్పలు తెరిచిపట్టి కనీసం పావుగంటసేపు శుభ్రమైన నీళ్లతో కడగాలి, ఆ తరువాతే ఆసుపత్రి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు తొలిరోజు హాయినిచ్చినా, పుండుపడిన కంటికి చేటు తెస్తాయి.

ఇవి చెప్పవలసిన చోటు బస్తీలోని కంటి క్లినిక్. అది చీటీ రాసి పంపే గదిగా మిగిలిపోకూడదు. దక్కనీ ఉర్దూలో మాట్లాడే సిబ్బంది, స్త్రీలకు వేరుగా కూర్చునే చోటు, పరదా పాటించే తల్లి జంకు లేకుండా కన్ను చూపించుకునే వీలు ఉంటే అక్కడికి కుటుంబాలు వస్తాయి. రంజాన్ నెలలో గ్లకోమా రోగులు ఎందరో పగటిపూట చుక్కలు మానేస్తారు. ఒకసారి దెబ్బతిన్న దృష్టినరం మళ్లీ బాగుపడదు. కంటిలో వేసే చుక్కలవల్ల ఉపవాసం భంగం కాదని హనఫీ, షాఫయీ ధర్మవేత్తలు చెప్పి ఉన్నారు. ఈ మాటను డాక్టరుతోపాటు ఇమాం సాహెబ్ కూడా చెప్పాలి.

క్లినిక్ చేయగల మరో పని ఉంది. గాయం ఏ తేదీన, ఏ దుకాణంలో, ఏ పని చేస్తుండగా తగిలిందో ఆ చీటీలో రాయాలి. 1923 నాటి నష్టపరిహార చట్టం, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 40 శాతం, కనుగుడ్డు ఉండి చూపు మాత్రమే పోతే 30 శాతం నష్టంగా కట్టింది. హాజరుపట్టీ, జీతపురసీదు లేని కూలివాడికి ఆ చీటీయే తొలి సాక్ష్యం కావచ్చు. ‘ఏదో పడింది’ అని రాయించుకుని వచ్చేవాడు వైద్యం పొందుతాడు కానీ హక్కు పోగొట్టుకుంటాడు.

ప్రభుత్వాన్ని మేము అడిగేవి మూడే. ప్రతి బస్తీ దవాఖానాలో వారానికొక రోజు కంటి పరీక్షకుడు ఉండాలి. కంటి రక్షణ నియమం కార్మికుల సంఖ్యను బట్టి కాక, పనిలోని ప్రమాదాన్ని బట్టి వర్తించాలి. పని గాయాలను క్లినిక్కులు నమోదుచేసే ఏర్పాటు జరగాలి. మసీదు కమిటీలు జుమా తరువాత ఐదు నిమిషాలు ఈ విషయానికి ఇవ్వాలి. చూపుపోయిన కుటుంబానికి జకాత్ ఇచ్చే సంపన్నులు, అదే వీధిలోని కుర్రాళ్లకు ముందే కళ్లద్దాలు సదఖాగా కొనివ్వవచ్చు. ఉస్తాదులకు మా మనవి ఒక్కటే: పని నేర్పే మొదటిరోజు పానా కంటే ముందు కళ్లద్దాలు చేతికివ్వండి.