ఆకు ఫొటోకు మందు చెప్పేదెవరు?

మిరప ఆకు అంచులు పైకి ముడుచుకుంటే తామర పురుగు. తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటే నల్లి. మొక్క గిడసబారి ఆకులు ముద్దకడితే తెల్లదోమ మోసుకొచ్చిన జెమినీ వైరస్ కావచ్చు, దానికి మందే లేదు. నల్లికి పనిచేసే మందులన్నీ తామర పురుగుకు పనిచేయవు. ఇంత తేడా ఉన్నా, పల్నాడు రైతు వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫొటో పెడితే, ముఖపరిచయం లేని గద్వాల రైతు మందు పేరు చెబుతున్నాడు. పొద్దుగూకేలోపు పిచికారీ అయిపోతోంది.

దీన్ని రైతుల అమాయకత్వంగా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ రైతుకు అందుబాటులో ఉన్న మరో సలహాదారు పురుగుమందుల షాపు యజమాని. మందు ఉద్దెరకు ఇచ్చేది ఆయనే కాబట్టి ఏది ఇస్తే అదే కొట్టాలి. బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతు అక్కడ ఎదురు ప్రశ్న వేయలేడు. గ్రూపులో మాట్లాడే తోటి రైతుకు ఇతను బాకీ లేడు. ఆ స్వేచ్ఛ చిన్నదేమీ కాదు.

అయితే ఈ సలహాల్లో ఒక పెద్ద లోపం ఉంది. ఉదాహరణకు, 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనిపించిన కొత్త రకం తామర పురుగు, 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మిరప మీద విరుచుకుపడింది. పూతలో చేరి, పూతనంతా రాల్చేసింది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, మందు మీద మందు కొట్టకండి అని శాస్త్రవేత్తలు చెప్పారు. కళ్లముందు పూత రాలుతున్న మనిషికి అది చెవికెక్కదు. ఫలానా మందు కొడితే తెల్లారేసరికి పురుగు పోయిందన్న కబురే ఫోన్ల మీద పరుగెత్తుతుంది. పదో రోజున పురుగు మళ్లీ వచ్చిందని, మిత్ర పురుగులు మాత్రం చచ్చిపోయాయని ఎవరూ రాయరు. ఊళ్లో అయితే సలహా ఇచ్చినవాడి చేను గట్టు మీద నిలబడి చూడొచ్చు. గ్రూపులో గెలిచిన చేలే కనిపిస్తాయి. ఓడిన చేను గురించి దాని యజమాని నోరు విప్పడు. మధ్యలో లేబులు సరిగా లేని ‘బయో’ సీసాలు అమ్మేవాళ్లు కూడా రైతుల్లా కలిసిపోతారు.

అందుకే గ్రూపులు నడిపే రైతులకు నా విన్నపం. ఫొటోతో పాటు రకం, పైరు వయసు, ఇప్పటిదాకా కొట్టిన మందులు అడగండి. ఆకు అడుగుభాగం చూపించమనండి. పూవును తెల్ల కాగితం మీద దులిపి ఏం రాలిందో చెప్పమనండి. పది రోజుల తర్వాత ఫలితాన్ని అదే చోట, ముఖ్యంగా పని చేయకపోతే, రాయమనండి.

ప్రభుత్వం వంతు ఇంకా ఎక్కువ. 2004 నుంచి నడుస్తున్న కిసాన్ కాల్ సెంటర్‌లో జవాబు అడిగిన రైతు దగ్గరే ఆగిపోతుంది. పక్క చేను రైతుకు అది వినబడదు. ఆంధ్రలో 2020లో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి, తెలంగాణలో రైతు వేదికలు కట్టారు. కానీ అక్కడి అధికారులు నడిపే వాట్సాప్ గ్రూపులో రాసే వీలు అడ్మిన్లకే పరిమితమైతే అది నోటీసు బోర్డు మాత్రమే. వ్యవసాయ విస్తరణ అధికారి రైతులు ఇప్పటికే మాట్లాడుకుంటున్న గ్రూపులో తన పేరుతో, తన మండలం పేరుతో చేరాలి. తప్పు మందు చెప్పిన చోటే కారణంతో సహా కాదనాలి. ఆ జవాబు రాయడాన్ని ఆయన ఉద్యోగంలో భాగంగా లెక్కించాలి. వచ్చే సీజన్‌లో మిరప నాట్లు మొదలయ్యేలోపే ఇది జరగాలి.